ఘోస్ట్ డాన్స్ జవాబుకి నాలుగు మార్కులు: నా ఆంత్రోపాలజీ అనుభవం

మొన్న సివిల్స్ ఫైనల్ లిస్టులో నా నంబర్ చూసుకున్నాక అమ్మ ముందు ఏడ్చేశాను. అప్పట్నుంచి ఎక్కువ మంది అడిగేది ఆప్షనల్ గురించే, అంటే నేను ఎంచుకున్న ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం) గురించే, కాబట్టి అదే రాస్తున్నా. సిలబస్ మీకు తెలిసిందే.

రెండో మెయిన్స్‌లో నన్ను ముంచింది ఆంత్రోపాలజీ పేపర్ 1. ఎందుకో చాలా రోజులు అర్థం కాలేదు. తర్వాత ఒక టెస్టులో ఘోస్ట్ డాన్స్ (అమెరికా ఆదివాసుల్లో పాకిన ఒక మత ఉద్యమం) మీద 15 మార్కుల ప్రశ్న వచ్చింది. 'సియోక్స్ తెగ మొదలుపెట్టిన తిరుగుబాటు' అని రాసి, ఇలాంటి ఉద్యమాలకి ఆంత్రోపాలజిస్ట్ వాలెస్ చెప్పిన ఐదు దశలూ దింపేశాను. 4 మార్కులు. పక్కన ఎర్ర పెన్నుతో మూడే మాటలు: 'ఎవరు? ఎక్కడ? ఎందుకు?'

ఆ 'సియోక్స్' అన్న పేరు పలకాల్సింది 'సూ' అని. అదీ బయటివాళ్లు పెట్టిన పేరే, ఆ జనంలో పడమటివాళ్లు తమను లకోటా అనీ, తూర్పువాళ్లు డకోటా అనీ అనుకుంటారు. ఘోస్ట్ డాన్స్ మొదలైంది వాళ్లలో కాదు, నెవాడాలో వొవోకా అనే పయూట్ తెగ మనిషి దగ్గర. ఆయన చెప్పింది శాంతి. మరి లకోటాలు దాన్ని అంతగా ఎందుకు పట్టుకున్నారు? అమెరికా ప్రభుత్వంతో 1868లో జరిగిన ఫోర్ట్ లారమీ ఒప్పందం వాళ్ల కొండలైన బ్లాక్ హిల్స్‌ని వాళ్లకే వదిలింది. వయోజన మగవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది సంతకం లేకుండా ఆ నేల తీసుకోకూడదు. 1874లో అక్కడ బంగారం బయటపడింది. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర లకోటాలు, షయాన్‌లు, అరపాహోలు అమెరికా సైన్యాధికారి కస్టర్‌ని ఓడించినా, మరుసటి ఏడాదే సంతకాలు చాలకుండానే కొండలు లాక్కున్నారు. 1889లో మిగిలిన రిజర్వేషన్‌నీ (వాళ్లకి కేటాయించిన నేలనీ) ముక్కలు చేశారు. పైన కరువు, రేషన్ కోత. చనిపోయినవాళ్లు, అడవిదున్నలు తిరిగొస్తాయన్న వొవోకా మాటను ఆకలితో ఉన్నవాళ్లు నమ్మరా? 1890 డిసెంబర్ 15న అరెస్టు చేయబోయి లకోటా నాయకుడు సిట్టింగ్ బుల్‌ని చంపారు. 29న వూండెడ్ నీ దగ్గర సైన్యం 250 మందికి పైగా చంపింది, వాళ్లలో చాలామంది ఆడవాళ్లు, పిల్లలు. ఇదంతా వదిలేసి నేను రాసింది ఐదు దశలు!

ఆ తర్వాత పదిహేను రోజులు లకోటాలనే చదివాను. రూమ్‌లో వాళ్లు టైమ్ వేస్ట్ అన్నారు. కాదు. కిన్‌షిప్ (బంధుత్వ పద్ధతి) నాకు అప్పుడే అర్థమైంది. లకోటాలో తండ్రి అన్నదమ్ములూ 'అతే', అంటే నాన్నే. తల్లి అక్కచెల్లెళ్లూ 'ఇనా', అమ్మే. మేనమామకి, మేనత్తకి వేరే పిలుపులు. ఫోన్‌లో అమ్మమ్మకి చెబితే, "పిన్ని అమ్మ కాక ఇంకెవర్రా?" అంది. 1871లో ఆంత్రోపాలజిస్ట్ మోర్గాన్ వేసిన బంధుత్వ పట్టికల్లో డకోటా పదాలతో పాటు మన తెలుగు పదాలూ ఉన్నాయి. పెద్ద తేడా ఏంటంటే, వాళ్లకి మేనరికం లేదు. ఆ ఒక్క తేడాతో ద్రవిడ బంధుత్వ పద్ధతి మీద నా జవాబుకి ప్రాణం వచ్చింది.

జీఎస్ (జనరల్ స్టడీస్), ఎస్సే అందరూ చదివినట్టే చదివాను, కొత్తగా చెప్పేదేం లేదు. ఆప్షనల్‌లో మాత్రం ఉదాహరణ పేరు రాసి ముందుకు పోకండి. రోజుకి పద్నాలుగు గంటలు చదివానని చెప్పుకోవడం కాదు, ఒక్క జనం కథ మొదట్నుంచి చివరిదాకా మీకు తెలియాలి. చివర అంటే 1890 కాదు. బ్లాక్ హిల్స్‌కి పరిహారం ఇవ్వాలని 1980లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, 10 కోట్ల డాలర్ల పైమాటే. వాళ్లు తీసుకోలేదు. కొండలే కావాలంటున్నారు.