బ్రోకలీ: విచ్చుకోకముందే కోసుకునే పువ్వు

బతుకమ్మ పేర్చేటప్పుడు ఒక గునుగు పువ్వును కళ్ల దగ్గరగా పెట్టుకుని చూడండి. మనం దాన్ని ఒక పువ్వు అంటాం గానీ, ఆ కంకి నిండా ఉండేవి చిన్న చిన్న పూలే. బ్రోకలీ కూడా అలాంటిదే, కాకపోతే ఇంకా మొగ్గ దశలో ఉంటుంది. విచ్చని మొగ్గలు వేల సంఖ్యలో ఒత్తుగా చేరితే ఆ పచ్చటి గుత్తి అవుతుంది. ఒక రెమ్మ తుంచి భూతద్దం కింద పెట్టండి. ఆవగింజంత గుండ్లు, ఒక్కోదాని కింద సన్నటి కాడ కనిపిస్తాయి. కాస్త పెద్ద గుండును సూదితో మెల్లగా చీలిస్తే లోపల రేకులు, కేసరాలు అప్పటికే చిన్న రూపంలో తయారై ఉంటాయి.

గోబిపువ్వుకూ దీనికీ తేడా అక్కడే ఉంది. గోబిపువ్వులో మనం తినే తెల్లటి భాగం మొగ్గ దాకా రానేలేదు. కొమ్మ కొసలు మొగ్గ తొడగకుండా చీలిన చోటే మళ్లీ మళ్లీ చీలి గడ్డకట్టినట్టు అవుతాయి. గోబిగడ్డ (క్యాబేజీ), గోబిపువ్వు, నూల్కోల్, బ్రోకలీ నాలుగూ ఒకే జాతి మొక్కలు. శాస్త్రీయ నామం బ్రాసికా ఒలరేసియా. మధ్యధరా సముద్రపు ఒడ్డున, ఐరోపాలో రైతులు తరతరాలుగా తమకు నచ్చిన మొక్కల విత్తనమే దాచుకుంటూ వచ్చారు. అలా ఒకదాంట్లో ఆకుల మొగ్గ పెద్దదై గోబిగడ్డ అయింది, ఇంకోదాంట్లో కాండం ఉబ్బి నూల్కోల్ అయింది, మరోదాంట్లో పూమొగ్గలు పెరిగి బ్రోకలీ అయింది. ఆవ, ముల్లంగి వీటికి దాయాదులు.

బ్రోకలీ పెంచేవాళ్లు పువ్వు కోసం ఎదురుచూస్తారు గానీ, అసలు చూసుకోవాల్సింది ఆకులనే. పువ్వు సైజు ఎంతో ఆకులే తేలుస్తాయి. మొక్క ముందు ఆకులు వేసి, వాటితో ఎండను పట్టి ఆహారం తయారుచేసుకోవాలి. దాదాపు 15 నుంచి 20 ఆకులు వచ్చాక, చల్లదనం తగిలినప్పుడు, కొసన ఉన్న చిగురు ఆకులు వేయడం ఆపి మొగ్గలు తొడుగుతుంది. ఆలోపే మొక్కకు కష్టం వస్తే బొత్తాం అంత పువ్వు వేసి ఊరుకుంటుంది. ఆ పైన ఎంత ఎరువు వేసినా ఆ పువ్వు పెద్దదవదు. దీనికి ఎక్కువగా కారణం నారు ముదిరిపోవడం. చిన్న కప్పులో 45 రోజులు ఉంచేస్తే వేర్లు చుట్టుకుపోయి, నాటాక మొక్క తేరుకోదు. నత్రజని చాలకపోయినా, నీళ్లు లేక మొక్క పదేపదే వాడిపోయినా ఇదే జరుగుతుంది.

మన వరంగల్, హనుమకొండ వైపు కాలం కలిసొచ్చేది యాసంగి మొదట్లోనే. బతుకమ్మ పండుగ రోజుల్లో విత్తితే సంక్రాంతి అటూఇటూగా పువ్వు చేతికొస్తుంది. గుత్తి కట్టే రోజుల్లో 15 నుంచి 20 డిగ్రీలు ఉంటే దీనికి హాయి. మన దగ్గర డిసెంబరులో రాత్రులు చల్లబడినా పగటి ఎండ 28, 30 డిగ్రీల దాకా పోతుంది కాబట్టి మొగ్గలు తొందరపడతాయి. ఆలస్యంగా నవంబరు చివర విత్తారంటే గుత్తి ఫిబ్రవరి ఎండలో పడుతుంది. అప్పుడు మొగ్గలు వదులుగా, ఎగుడుదిగుడుగా వచ్చి మధ్యలోంచి చిన్న ఆకులు తొంగిచూస్తాయి. వేసవిలో వేయాలన్న ఆలోచనే వద్దు.

గ్రాము విత్తనాల్లో దాదాపు 300 గింజలుంటాయి. చూడ్డానికి అచ్చం ఆవాలే. సెంటీమీటరు లోతున వేసి తడి ఆరకుండా చూస్తే 4 నుంచి 7 రోజుల్లో మొలుస్తాయి. ముందు కనిపించే రెండు గుండె ఆకారపు ఆకులు బీజదళాలు, గింజలోంచి వచ్చినవి. ఆ తర్వాత వచ్చే, అంచులు వంకర తిరిగినవి అసలు ఆకులు. పిల్లలు ఈ రెండిటి బొమ్మలు పక్కపక్కనే గీసి తేడా రాసుకుంటే బాగా గుర్తుంటుంది. ఈ దశలో నీళ్లు ఎక్కువైతే మొదలు దగ్గర కాండం దారంలా సన్నబడి నారు పడిపోతుంది. నారుకుళ్లు అంటే అదే. పడిపోయిన మొక్క మళ్లీ లేవదు. నీళ్లు పొద్దునే పోయాలి, సాయంత్రానికి పై మట్టి ఆరాలి.

25 నుంచి 30 రోజులకు నాలుగైదు ఆకులు వస్తాయి, అప్పుడు నాటాలి. డాబా మీదైతే 12 అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉన్న సంచికి ఒక్కటే మొక్క. పిల్లలు ముచ్చటపడి రెండు పెడతామంటారు, ఒప్పుకోకండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పెంట ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి కలపాలి. పచ్చి పేడ వేస్తే వేర్లు మాడతాయి. చెలకలో అయితే సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 45 వదలాలి. నాటిన 20వ రోజు, 40వ రోజు గుప్పెడు వర్మీ కంపోస్టు వేసి మొదటికి మట్టి ఎగదోయాలి. ఎప్పుడు నీళ్లు పోయాలో వేలికే తెలుస్తుంది. అంగుళం లోతు గుచ్చి చూసి, పొడిగా ఉంటే పోయండి.

ఒక పొద్దున ఆకు మీద నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి. అంటుకోకుండా పాదరసంలా దొర్లిపోతాయి. ఆకు మీదున్న బూడిద రంగు పూత మైనం. వేలితో రుద్దితే పోతుంది, అప్పుడు ఆ చోట నీరు పరుచుకుంటుంది. ఏ మందు కొట్టినా రెండు చుక్కల సబ్బు నీళ్లు కలపమనేది ఈ మైనం వల్లే.

ఆకు నమిలితే కొద్దిగా ఘాటు తగులుతుంది. పొడి ఆవాలు నోట్లో వేసుకుంటే మండవు, నీళ్లు పోసి నూరితే ముక్కు అదురుతుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే. గంధకం ఉన్న గ్లూకోసినోలేట్లు ఒకచోట, వాటిని విడగొట్టే మైరోసినేజ్ అనే ఎంజైము వేరేచోట ఉంటాయి. ఆకు నలిగితే రెండూ కలిసి ఘాటు పుడుతుంది. పురుగుల నుంచి మొక్క తనను కాపాడుకునే పద్ధతి ఇది. అయినా డైమండ్‌బ్యాక్ రెక్కల పురుగు పిల్లలకు ఈ ఘాటును పనిచేయకుండా చేసే శక్తి ఉంది, పైగా తల్లి పురుగు ఆ వాసన పట్టుకునే గుడ్లు పెట్టడానికి వస్తుంది. పిల్లపురుగు లేతపచ్చగా, రెండు కొసలా సన్నగా ఉంటుంది. ముట్టుకుంటే గిలగిలా కొట్టుకుని దారం వదిలి వేలాడుతుంది. ఆకు అడుగు గీకి తినేసి, పైన అద్దంలాంటి పొర మిగులుస్తుంది. వారానికి రెండుసార్లు ఆకులు తిప్పి ఏరేయండి. ఎక్కువైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. చుట్టూ ఆవాలు చల్లితే పురుగు ముందు వాటి మీద వాలుతుంది. ఆకు అంచు నుంచి లోపలికి కోసుగా పసుపు మచ్చ దిగి, ఈనెలు నల్లబడితే మాత్రం అది నల్లకుళ్లు. ఆ ఆకులు తీసి దూరంగా పారేయండి, మొక్కల మీద నీళ్లు చల్లకండి.

నాటిన 45 నుంచి 60 రోజులకు నడిమధ్యన రూపాయి బిళ్లంత పువ్వు కనిపిస్తుంది. అప్పటి నుంచి రోజూ చూడాలి. గుండ్లు బిగుతుగా ఉన్నంతవరకే ఆగొచ్చు. అంచున ఒక్క రెమ్మ వదులైనా, పసుపు ఛాయ కనిపించినా, సైజు ఎంతైనా సరే ఆ పూటే కోసేయాలి. పొద్దున్నే 10 నుంచి 15 సెంటీమీటర్ల కాడతో, ఏటవాలుగా కోయండి. మోడు మీద నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది. కోసిన కాడ మధ్యలో బోలుగా ఉంటే బోరాన్ అనే పోషకం తక్కువైందనో, నత్రజని ఎక్కువై గబగబా పెరిగిందనో అర్థం. కోశాక కూడా మొగ్గలు ఊపిరి పీలుస్తూనే ఉంటాయి, బయట ఉంచితే రెండు మూడు రోజుల్లో పసుపెక్కుతాయి. వండే ముందు గోరువెచ్చని ఉప్పునీళ్లలో 15 నిమిషాలు ఉంచితే దాగిన పురుగులు తేలతాయి.

కోశాక మొక్కను పీకేయకండి. కొసన గుత్తి ఉన్నంతకాలం అది ఆకు మొదళ్లలో దాగిన మొగ్గలను అణచిపెడుతుంది. అది పోగానే అవి లేచి, నాలుగైదు వారాలపాటు గోలీకాయ నుంచి నిమ్మకాయ అంత గుత్తులు ఇస్తాయి.

రెండు మొక్కలను మాత్రం కోయకుండా వదిలేయండి. కాడలు సాగి, శిలువలా నాలుగు పసుపు రేకుల పూలు విచ్చుకుంటాయి. లోపల ఆరు కేసరాలు, అందులో నాలుగు పొడుగు, రెండు పొట్టి. ఆవపువ్వులోనూ ఇదే లెక్క, పక్కనే పెట్టి పోల్చండి. రెండు మొక్కలు వదలమనడానికి కారణం ఉంది. బ్రోకలీ పువ్వు తన మొక్క పుప్పొడిని తానే ఒప్పుకోదు, తేనెటీగ ఇంకో మొక్క నుంచి తేవాలి. తెచ్చిందంటే సన్నటి కాయలు కడతాయి. ఎండి గోధుమరంగుకు వచ్చాక విప్పితే లోపల గుండ్రటి గింజలు వరుసగా ఉంటాయి. హైబ్రిడ్ విత్తనం వేసినవాళ్లకు ఆ గింజల నుంచి అన్నీ తల్లిలాంటి మొక్కలే రావు. వచ్చే బతుకమ్మకు ఒక పదింటిని విత్తి, ఏది ఎట్లా పెరిగిందో పిల్లల చేత నోటుబుక్కులో రాయించండి.