నేను రాసిన రెండెకరాలు

మాది అనకాపల్లి. మా తాత వారం వారం ఏజెన్సీ సంతలకెళ్లి చింతపండు, పసుపు కొని తెచ్చి అమ్మేవాడు. ఆ రోజుల్లో ఎలాంటి తూకంతో కొనేవాళ్లో ఇంట్లో పెద్దవాళ్లు గొప్పగా చెప్పుకుంటుంటే విని పెరిగాను. నా చదువు కూడా ఆ డబ్బుతోనే సాగిందని అర్థమయ్యాక ఊరికే ఉండబుద్ధి కాలేదు. అందుకే 2021లో, ఇప్పటి అల్లూరి జిల్లా కొండల్లో 23 గడపల కోదు ఆదివాసీల ఊరొకటి పోడు పట్టాలకు దరఖాస్తులు పెట్టుకుంటోంది, సాయం కావాలట అని స్నేహితురాలు చెప్పగానే బయల్దేరాను.

అటవీ హక్కుల చట్టం చదువుకునే వెళ్లాను. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న ఆదివాసీ కుటుంబానికి, 4 హెక్టార్లు మించకుండా, సాగు చేస్తున్నంత భూమి మీద హక్కు వస్తుంది. ఆధార్లు, రేషన్ కార్డులు పోగేసి, ఫారాలన్నీ రాత్రిళ్లు ఇంట్లో కూర్చుని నేనే నింపేసి, వేలిముద్రలు మాత్రం వాళ్లతో వేయించాను. ఒక తాతని భూమెంత అని అడిగితే "ఆరు కుంచాల చోడి జల్లుతామమ్మా" అన్నాడు, అంటే ఆరు కుంచాల రాగి విత్తనం పట్టే నేల అని. నేనేదో లెక్క కట్టి రెండెకరాలని రాశాను.

పరిశీలనకొచ్చిన వాళ్లు జీపీఎస్ పట్టుకుని గట్టు చుట్టూ నడిస్తే మూడెకరాల నలభై సెంట్లు తేలింది. మిగతాది 2005 తర్వాత కొట్టిన అడవేనా అని అడిగారు. తాత నా వైపు చూశాడు. తన పేరు మీద రెండెకరాలని రాసి ఉందనే ఆయనకు తెలియదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మర్నాడు ఊరి అటవీ హక్కుల కమిటీ కార్యదర్శి అక్క నన్ను కూర్చోబెట్టి ఒకటే అడిగింది, "కాయితం మాది కదా, మాకు చదివి వినిపించావా?"

మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాం. గ్రామసభకి ఏప్రిల్‌లో నేనో తేదీ చెప్పాను, అది ఇటుకల పండగ రోజులు, మగవాళ్లంతా వేటకి పోయారు, సభకి సగం మంది ఉండాలి కాబట్టి జరగలేదు. తర్వాత తేదీ ఊరే పెట్టుకుంది. ఒక్కో దరఖాస్తూ అక్క వాళ్ల భాష కువిలో చెబుతుంటే, అది కాదు ఇది అని ఆడవాళ్లే ఎక్కువ దిద్దారు. పెద్దవాళ్లు చెప్పిన మాటను రాసిపెట్టినా, చేలో కనబడే ఆనవాళ్లయినా చట్టం సాక్ష్యంగా తీసుకుంటుంది. తాత చేలో రాళ్లగట్టు చివర ఇద్దరు చేతులు కలిపితే గానీ అందని పనసచెట్టు ఉంది, వాళ్ల నాన్న నాటింది. తాత దాని బెరడు మీద అరచెయ్యి ఆనించి చెబుతుంటే అక్క నిలబడే రాసుకుంది.

నా పని ఇక ఆఫీసుల దగ్గరే. శాటిలైట్ ఫొటోలో అడవే కనబడుతోందని ఆరు దరఖాస్తులు పక్కన పెట్టేశారు, అదీ నోటిమాటగానే. 2012లో సవరించిన నియమాల ప్రకారం ఆ ఫొటో మిగతా సాక్ష్యాలకు తోడే తప్ప వాటికి బదులు కాదు. తిరస్కరిస్తే ఆ సంగతి దరఖాస్తుదారుకే నేరుగా తెలపాలి, అప్పీలుకి 60 రోజులు ఇవ్వాలి. ఆ పేజీలు ప్రింటు తీసుకుని పదకొండు సార్లు తిరిగితే గానీ కారణాలు కాగితం మీదికి రాలేదు. ఈలోగా ఫారెస్టు గార్డు వచ్చి దున్నొద్దంటే, విచారణ పూర్తయ్యే దాకా ఖాళీ చేయించకూడదని 4(5) సెక్షన్ చూపించి ఆడవాళ్లే అడ్డం నిలబడ్డారు. అప్పటికి అది వాళ్లకి కంఠతా వచ్చేసింది.

పోయినేడు 17 పట్టాలు వచ్చాయి. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి కదా, తాత పట్టాలో అవ్వ పేరు ఎక్కడుందో అక్క వేలు పెట్టి చూపిస్తే అవ్వ చాలాసేపు అక్కడే తడుముతూ కూర్చుంది.

మిగిలిన ఆరింటికి అప్పీళ్లు వేశాం. అన్నీ అక్కే తన చేత్తో రాసింది. నేను జెరాక్సులు తీయించి, అందినట్టు రసీదు తెచ్చి ఇచ్చాను.