మెయిల్‌బాక్స్ దులుపుడు: ఎక్కడిదాకా వచ్చిందంటే

బెజవాడలో మే నెల మధ్యాహ్నం గుమ్మం దాటే పని ఎవరూ పెట్టుకోరు. ఆ టైమంతా ఈసారి మెయిల్ మీద పెట్టాను. జీమెయిల్ ఊరికే ఇచ్చే 15 జీబీ చోటు మెయిళ్లకి మాత్రమే కాదు. డ్రైవ్, ఫొటోలు కూడా అందులోనే సర్దుకోవాలి. అది నిండితే కొత్త మెయిళ్లు రావు, మనం పంపేవీ పోవు.

ప్రకటనల మెయిళ్లు చేరే ప్రమోషన్స్ ట్యాబ్ మొత్తం ఒక్క దెబ్బకి చెరిపేయమని మా తమ్ముడి సలహా. చెరిపితే చోటు వస్తుంది గానీ, పంపేవాళ్లు పంపుతూనే ఉంటారు. అందుకని ముందు రాకుండా ఆపడం, తర్వాతే ఉన్నవి తీసేయడం. ఎడమవైపు మెనూలో 'మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్' అని 2025లో ఒకటి వచ్చింది. తరచుగా పంపేవాళ్లు అందులో పైన కనిపిస్తారు. నా జాబితాలో పైనున్నవన్నీ బట్టల షాపులే! ఆషాఢం ఇంకా రానేలేదు, తగ్గింపు మెయిళ్లు మాత్రం దిగిపోయాయి.

మెయిల్ అడుగున వెలిసిపోయిన రంగులో చీమంత అక్షరాలతో ఉండే, ఇక పంపొద్దని చెప్పే లింకు కోసం కళ్లు చికిలించక్కర్లేదు. పంపినవాళ్ల పేరు పక్కనే జీమెయిల్ 'అన్‌సబ్‌స్క్రైబ్' చూపిస్తుంది. పెద్ద ఎత్తున మెయిళ్లు పంపే సంస్థలు ఒక్క నొక్కుతో ఆపుకునే వీలు ఇవ్వాలని, అడిగిన రెండు రోజుల్లో ఆపాలని జీమెయిల్, యాహూ 2024లో షరతు పెట్టాయి. కాబట్టి నొక్కి రెండు రోజులు చూస్తాను. అప్పటికీ వస్తుంటే స్పామ్‌లోకి తోసేస్తాను. అసలు ముక్కూమొహం తెలియని వాళ్ల మెయిల్లో మాత్రం ఆ లింకు ముట్టుకోను. నొక్కితే ఈ అడ్రసులో మనిషి ఉన్నాడని మనమే చెప్పినట్టు.

బీమా మెయిళ్ల దగ్గర కొంచెం ఆగాల్సి వచ్చింది. ప్రీమియం గడువు గుర్తుచేసేదీ, కొత్త పాలసీ అంటగట్టేదీ ఒకే అడ్రసు నుంచి వస్తున్నాయి. ఆపకుండా, వచ్చినవాటిని తనే వేరుచేసే ఫిల్టర్ పెట్టి వేరే లేబుల్‌లోకి పంపేశాను.

పాతవి తీయడం కంప్యూటర్‌లో అయితే సులువు. సెర్చ్ డబ్బా చివర గుర్తు నొక్కితే సైజు, తేదీ ఇచ్చి వెతకొచ్చు. నేను 10 ఎంబీ దాటినవాటితో మొదలుపెట్టాను. చెరిపినవి ట్రాష్‌లో 30 రోజులుంటాయి. అందాకా ఆ చోటు లెక్కలోనే ఉంటుంది, వెంటనే కావాలంటే ట్రాష్ కూడా ఖాళీ చేయాలి.

ఇన్ని మెయిళ్లు చూశాక మా పటమట అపార్ట్‌మెంట్‌కి నేను పంపాల్సిన నోటీసుల మీద కన్ను పడింది. పాత కమిటీ నుంచి వచ్చిన నమూనా ఇదీ: 'అపార్ట్‌మెంట్ వాసులందరికీ తెలియజేయునది ఏమనగా, ఓవర్‌హెడ్ ట్యాంకు శుభ్రపరచు నిమిత్తం నీటి సరఫరా నిలిపివేయబడును, కావున సహకరించగలరు.' ఏ రోజు, ఎన్ని గంటలకి అన్నది చివర్లో ఎక్కడో ఉంటుంది. ఇప్పుడు సబ్జెక్టులోనే 'ఆదివారం ఉదయం 7 నుంచి 11 వరకు నీళ్లు రావు' అని పెడుతున్నాను. లోపల రెండే ముక్కలు: 'ట్యాంకు కడుగుతున్నారు. శనివారం రాత్రే బకెట్లు నింపుకోండి.' మూడో అంతస్తు మామ్మగారు మెట్ల దగ్గర ఆపి, "ఈసారి ఎవర్నీ అడక్కుండానే అర్థమైంది బాబూ" అన్నారు.

పూలబొమ్మల పోస్టర్ మానేశాను. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి పెట్టుకున్నవాళ్లకి బొమ్మలోని అక్షరాలు పెరగవు కదా. అందరి అడ్రసులూ బీసీసీలో పెడుతున్నాను, ఒకరిది ఒకరికి కనిపించకుండా.

బటన్ ఫోన్లవాళ్లకి ఎస్సెమ్మెస్సే గతి. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70. పైగా గుణింతం, వత్తు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కే: 'ట్యాంకు' ఒక్కటే ఏడు తినేస్తుంది. అందుకని వాళ్లకి 'ఆదివారం 7-11 నీళ్లు రావు' అంతే.

ఇక మిగిలింది కొత్తవి చేరకుండా చూడటం. షాపుల్లో మెయిల్ అడిగితే నా పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి, షాపు పేరు కలిపి ఇస్తున్నాను. మెయిల్ నాకే వస్తుంది. అడ్రసు ఎవరి చేతి నుంచి జారిందో కూడా తెలుస్తుంది. కొన్ని వెబ్‌సైట్లు ఆ ప్లస్ గుర్తుని ఒప్పుకోవడం లేదు. వాటికి అసలు మెయిలే ఇవ్వడం లేదు.