నైటు షిఫ్టు ఆయనది, నిద్ర పోయింది నాది

మా ఆయన బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం నైటు. పెళ్ళయి మంచిర్యాల దగ్గరి పల్లె నుంచి మహారాష్ట్రలోని బల్లార్షా వచ్చినప్పుడు ఇదేం కొత్తగా అనిపించలేదు. మా నాయన, చిన్నాయనలు అందరూ బాయి (బొగ్గు గని) పనికి పోయినవాళ్ళే. షిఫ్టు బతుకు మా ఇంటా వంటా ఉన్నదే.

కానీ షిఫ్టు పనికిపోయే మనిషి ఒక్కడికే ఉండదు. ఆయన నైటుకు పోతే రాత్రి పదింటికల్లా డబ్బా కట్టాలి. పొద్దున ఇల్లు చేరేసరికి నీళ్ళు కాగాలి, తిండి తయారుగా ఉండాలి. ఆయన పడుకున్నాక ఇంట్లో చప్పుడు వినబడొద్దు. ఉన్నవి రెండు గదులు కాబట్టి నా కుట్టుమిషన్ కూడా ఆగాల్సిందే. ఆ పని రాత్రికి జరుగుతుంది. పొద్దుటి షిఫ్టు వారమైతే నాలుగింటికే లేవాలి. పిల్లల బడి వేళ మాత్రం ఎప్పుడూ ఒకటే. మా సందులో ఆడవాళ్ళందరిదీ ఇదే కథ. జీతం ఒక్కరికి, షిఫ్టులు ఇంటిల్లిపాదికీ.

దీనికి తోడు చంద్రపూర్ జిల్లా ఎండలు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన సామెత. ఇక్కడి మరాఠీవాళ్ళు మే నెలాఖరు తొమ్మిది రోజులను నౌతపా అంటారు. 46, 47 డిగ్రీలంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. పగటి ఎండను ఎలాగో తట్టుకుంటాం, అసలు బాధ రాత్రిది. మాది పైఅంతస్తు స్లాబు ఇల్లు. పగలంతా తాగిన వేడిని స్లాబు అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. ఇనుప కూలరుంది, వట్టివేరు తడకలు కూడా వేసుకున్నాం, కానీ దానికి నీళ్ళు కావాలి. నీళ్ళు ట్యాంకరులో రావాలి. ట్యాంకరు రాత్రి ఏ వేళకొస్తుందో ఎవరూ చెప్పలేరు. చెవులు వీధిలోనే పెట్టుకుని పడుకోవడం అలవాటైపోయింది.

దుమ్ము సంగతి కుట్టుపని చేసేవాళ్ళని అడగాలి. నేను పొద్దున లేవగానే తడిగుడ్డతో మిషన్ తుడుస్తాను. మధ్యాహ్నానికి చక్రం మీద వేలితో గీస్తే నల్లగీత పడుతుంది. తెల్ల లైనింగు గుడ్డ పరిచి కత్తిరించే లోపే మడతల్లో సన్నటి బూడిద చేరుతుంది. చంద్రపూర్‌లో 2,920 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం, చుట్టూ గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, బల్లార్షాలో కాగితం మిల్లు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితా వేస్తే అందులో చంద్రపూర్ ఉంది. మాకు జాబితా అక్కర్లేకుండానే తెలుసు, ఇంట్లో తెల్ల చీర ఎవరూ కట్టరు.

జబ్బు ఫలానా రోజు మొదలైందని చెప్పలేను. ఒక ఎండాకాలం నిద్ర పోయింది, వానలు పడి చల్లబడినా తిరిగి రాలేదు. రాత్రి రెండు మూడింటికి మెలకువ వచ్చేది, గుండె దడదడ, అరచేతుల్లో చెమట. తర్వాత తెల్లవారే దాకా ఒకటే ఆలోచన. కూర రుచి తెలిసేది కాదు. ఒంటి మీది జాకెట్లే వదులయ్యాయి. బతుకమ్మ పండక్కి ఇచ్చిన జాకెట్ గుడ్డలు కవర్లలో అలాగే పేరుకుపోయాయి. టేపు పట్టుకుని కొలత చూసి, పుస్తకంలో రాసేలోపు మరిచిపోయి, మళ్ళీ కొలిచేదాన్ని. పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్న పని అది. ఎవరైనా "ఏమైంది వదినా" అంటే చాలు, కళ్ళల్లో నీళ్ళు.

మందులు చెప్పనివాళ్ళు లేరు. ఒకరు రక్తం తక్కువన్నారు, ఒకరు వేడి చేసిందన్నారు, మా అత్తమ్మ దిష్టి తీసింది. సందు చివర ఆర్ఎంపీ గ్లూకోజు ఎక్కించి, నిద్రమాత్రలు రాసిచ్చాడు. వేసుకుంటే మొద్దునిద్ర పట్టేది, పొద్దున తల దిమ్ముగా ఉండేది. కొన్నాళ్ళకు అవీ పనిచేయడం మానేశాయి. మా ఆయనకు కోపం లేదు, అర్థం కాలేదంతే. "తిండి ఉంది, ఇల్లుంది, నీకు టెన్షన్ ఏందే?" అనేవాడు. నేనూ నన్ను అదే అడుగుతుండేదాన్ని.

ఒక రాత్రి ఆయన నైటుకు పోయాక, నేను లేకపోతే వీళ్ళే హాయిగా ఉంటారనిపించింది. ఏడుపు కూడా రాలేదు, లెక్క చూసినట్టు ఆలోచిస్తున్నాను. అందుకే ఎక్కువ భయమేసింది. పొద్దున కింది ఇంటి మరాఠీ తాయికి చెప్పాను. ఆమె నన్ను ఒంటరిగా వదల్లేదు, మా పెద్దోణ్ణి పిలిచి 14416కు ఫోన్ కలిపించింది. అది మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన టెలీ మానస్ నంబరు, పైసా ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అవతలి అమ్మాయి తొందరపెట్టకుండా అంతా విన్నది. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగింది. ఆ మాట బయటి మనిషి నోట వినగానే గుండె బరువు కొంత దిగింది. మర్నాడే చంద్రపూర్ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి పోయాం.

డాక్టరమ్మ నాడి చూడలేదు, స్కానింగూ రాయలేదు. ముందు థైరాయిడ్, రక్తం, షుగర్ పరీక్షలు చేయించింది, ఎందుకంటే థైరాయిడ్ తక్కువైనా ఇలాగే దిగులుగా, నీరసంగా ఉంటుందట. అవి బాగానే ఉన్నాయి. తర్వాత హిందీలో అడిగిన మొదటి ప్రశ్న: "ఇంట్లో ఎవరిది ఏ షిఫ్టు?" నేను మా ఆయన పని చెప్పబోతే, "ఆయన సంగతి కాదు, మీరెప్పుడు పడుకుంటున్నారు, ఎప్పుడు లేస్తున్నారు?" అంది. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. లెక్క తీస్తే వారం వారానికీ నా నిద్ర వేళ మారుతోంది, రోజులో ఏకబిగిన ఐదు గంటలు కూడా లేదు.

డిప్రెషన్, దానితో పాటు ఆందోళన అంది. నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. మన ఒంట్లో నిద్రను నడిపేది వెలుతురు. కంటికి పొద్దుటి వెలుగు తగలాలి, రాత్రి చీకటి ఉండాలి. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త తగ్గాలి, గది ఉడుకుతుంటే అది తగ్గదు. నెలల తరబడి నిద్ర చెడితే డిప్రెషన్ వచ్చే అవకాశం పెరుగుతుంది, డిప్రెషన్ వచ్చాక నిద్ర ఇంకా చెడుతుంది. గాలిలో సన్నని ధూళికీ డిప్రెషన్‌కూ సంబంధం ఉందని చాలా అధ్యయనాలు చూపాయట. అయితే నా జబ్బు దుమ్ము వల్లే వచ్చిందని ఆమె అనలేదు, నేనూ అనను. మంచి గాలి ఉన్న ఊళ్ళో కూడా మనుషులకు ఈ జబ్బు వస్తుంది. మా అమ్మకూ కాన్పు తర్వాత ఇలాంటిదే వచ్చిందని పెద్దమ్మ తర్వాత చెప్పింది. అన్నీ కలిసి ఒకచోట నా మీద పడ్డాయి.

మాత్రలు తక్కువ మోతాదుతో మొదలుపెట్టారు. మొదట్లో కడుపులో వికారం, కాస్త గాబరా ఎక్కువైంది. మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందనీ, మధ్యలో ఒక్కసారిగా ఆపొద్దనీ ముందే చెప్పారు కాబట్టి నిలబడ్డాను. ఆర్ఎంపీ మాత్రలను మెల్లమెల్లగా తగ్గించారు, అవి అలవాటుపడే మాత్రలట. ముందు ఆకలి తిరిగొచ్చింది. మామిడికాయ పప్పు రుచిగా ఉందని ఒకరోజు నేనే గమనించి ఆశ్చర్యపోయాను.

ఇంట్లో మార్పులు అంత తేలిగ్గా కాలేదు. ఆయన షిఫ్టు ఏదైనా నేను ఆరింటికే లేవాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మా అత్తమ్మ మొహం ముడుచుకుంది. చివరికి పొద్దుటి షిఫ్టు వారం టీ తనే పెట్టుకుంటానని ఆయనే అన్నాడు, రాత్రే డబ్బా సర్దుకుని. లేవగానే వర్ధా నది వైపు అరగంట నడక, సాయంత్రం టీ బంద్. ఎండాకాలానికి ముందు స్లాబు మీద సున్నం రెండు పూతలు వేయించాం. తెల్లగా ఉంటే ఎండ వెనక్కి పోతుంది, రాత్రి గదిలో తేడా చేతికి తెలిసింది. ఇంత చవక మందు ఏ దుకాణంలోనూ దొరకదు.

మందు మాట కూడా చెప్పాలి. మా జిల్లాలో 2015 ఏప్రిల్ 1 నుంచి 2021 దాకా మద్యనిషేధం ఉండేది. అప్పుడూ సరిహద్దు అవతలి నుంచి సీసాలు వచ్చేవి, ఇప్పుడైతే దాపరికమే లేదు. నైటు చేసి వచ్చినవాళ్ళు నిద్ర కోసమని పొద్దున్నే తాగుతారు. నిద్ర తొందరగానే పడుతుంది, కానీ రెండు మూడు గంటలకే చెదిరిపోతుంది. మా ఆయన డాక్టరమ్మ ముందు కూర్చుని ఇది విన్నాడు. పూర్తిగా మానలేదు. నిద్ర కోసం తాగడం మాత్రం మానాడు.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో పెద్దవాళ్ళలో దాదాపు పది శాతం మందికి ఏదో ఒక మానసిక జబ్బు ఉందని తేలింది, వాళ్ళలో ఎక్కువమందికి వైద్యమే అందడం లేదు. మహారాష్ట్ర, తెలంగాణ రెండూ ఆ సర్వేలో లేవు గానీ, మా సందు లెక్క నాకు కనిపిస్తూనే ఉంది. నా సంగతి తెలిశాక గుడ్డలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు మిషన్ పక్కన కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడసాగారు. "నాకూ రాత్రి దడగనే ఉంటది పిల్లా, వయసనుకున్న" అంది ఒక పెద్దామె. ఇద్దరు నాతోపాటే చంద్రపూర్ వస్తున్నారు. ఒకామెకు థైరాయిడ్ అని తేలింది. ఇంకొకామె భర్తకు తెలియకుండా వస్తోంది.

నా మాత్రలు ఇంకా ఉన్నాయి, మోతాదు తగ్గింది. ట్యాంకరు వేళ ముందే చెప్పాలని, రాత్రి పదకొండు తర్వాత రావద్దని సందులో అందరం సంతకాలు పెట్టి ఇచ్చాం. ఈ మధ్య వారంలో నాలుగైదు రోజులు సాయంత్రమే వస్తోంది.