ఏ గ్రూపు నుంచి ఓ గ్రూపుకి

లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, అన్న మాట డాక్టర్ నోట రాకముందే, నా రక్తంలో ఏదో తేడా ఉందని బ్లడ్ బ్యాంకు వాళ్లు పట్టుకున్నారు. లైసెన్సు మీద నాది ఏ పాజిటివ్. శాంపిల్ పంపితే రెండు పరీక్షలకీ పొంతన కుదరలేదు. ఎర్రకణాల మీద ఏ చక్కెరను పట్టుకునే యాంటీ-ఏ చుక్క వేస్తే కొన్ని గుత్తులు కట్టాయి, మిగతావి విడివిడిగానే ఉండిపోయాయి. సీరంతో చేసే తిరగేసిన పరీక్ష మాత్రం శుభ్రంగా ఏ అనే చూపించింది.

గ్రూపు అంటే కణం పైపొర మీద ఉండే చక్కెర గొలుసే. హెచ్ అనే పునాది గొలుసు చివర ఎన్-అసిటైల్ గాలక్టోసమైన్ అతుక్కుంటే ఏ, గాలక్టోజ్ అతుక్కుంటే బీ, రెండూ లేకపోతే ఓ. అక్యూట్ మైలాయిడ్ లుకేమియాలో, అంటే ఏఎంఎల్‌లో, కొందరికి ఆ చివరి చక్కెరను అతికించే జన్యువు జబ్బుపడ్డ మూలకణాల సంతతిలో మూగబోతుంది. రెమిషన్ వస్తే, అంటే జబ్బు అణిగితే, ఏ మళ్లీ తేలుతుంది. ఈలోగా ఓ గ్రూపు ఎర్రకణాలే ఎక్కించడం క్షేమం. అలాగని మొదటి పరీక్ష ఒక్కటే చూసి గ్రూపు ‘ఓ’ అని రాసేస్తే, ప్లాస్మా కూడా ఓ దే ఎక్కిస్తారు. దాంట్లోని యాంటీ-ఏ, మిగిలి ఉన్న ఏ కణాలను పగలగొడుతుంది. అందుకే ఆసుపత్రికి పాత గ్రూపు కార్డు పట్టుకెళ్లండి.

నాకు మొదట కనిపించింది చిగుళ్ల వాపు. పళ్ల మీదికి స్పంజిలా ఎగబాకి, బ్రష్ తగిలితే రక్తం కారేది. మోనోసైట్ రకం ఏఎంఎల్‌లో కణాలు రక్తంలోనే ఉండిపోవు. చిగుళ్లలోకి, చర్మంలోకి, ఒక్కోసారి వెన్నునీటిలోకి దూరతాయి. చిగుళ్లు ఇలా పెరిగితే పన్ను పీకించుకునే ముందు సీబీపీ, అంటే రక్తకణాల లెక్క పరీక్ష, చేయించండి. నాకు తెల్లకణాలు 86,000. లక్ష దాటితే మెదడులో, ఊపిరితిత్తుల్లో సన్న నాళాలు పూడుకుపోయే ప్రమాదం ఎక్కువ. అప్పుడు హిమోగ్లోబిన్ తక్కువగా ఉందని హడావిడిగా రక్తం ఎక్కిస్తే రక్తం ఇంకా చిక్కబడుతుంది. ముందు నీళ్లు, తెల్లకణాలు తగ్గించే హైడ్రాక్సీయూరియా. ఆ తర్వాతే మిగతావి.

ఈ కణాలు రక్తంలోంచి బయటికి ఎలా దూకుతాయన్నది నన్ను పట్టుకున్న ప్రశ్న. రన్నింగులో బస్సెక్కేవాణ్ణి చూడండి. ముందు చెయ్యి కడ్డీకి తగులుతుంది, బస్సుతోపాటు నాలుగడుగులు పరిగెడతాడు, అప్పుడు కాలు ఫుట్‌బోర్డు మీద పడుతుంది. కణానికి ఆ చెయ్యి ఒక చక్కెర. పేరు సయాలిల్ లూయిస్ ఎక్స్. సయాలిక్ ఆమ్లం, గాలక్టోజ్, ఫ్యూకోజ్, ఎన్-అసిటైల్ గ్లూకోసమైన్ అనే నాలుగు చక్కెరల ముక్క అది. రక్తనాళం గోడ మీద దాన్ని అందుకునే కడ్డీ ఈ-సెలెక్టిన్. మిగతా ఒంట్లో ఇది ఎక్కువగా వాపు వచ్చినప్పుడే పైకి వస్తుంది. ఎముకమజ్జ నాళాల్లో మాత్రం మామూలు రోజుల్లోనూ ఉంటుంది. పట్టు దొరకడం, జారడం, మళ్లీ దొరకడం. అలా కణం గోడ వెంట దొర్లుతుంది. విచిత్రమేమంటే రక్తం వడిగా లాగుతున్నకొద్దీ, ఒక హద్దు వరకు, పట్టు బిగుస్తుంది. దొర్లేటప్పుడు మజ్జ నుంచి వచ్చే సీఎక్స్‌సీఎల్12 సంకేతం సీఎక్స్‌సీఆర్4 అనే కణం మీది గ్రాహకానికి అందుతుంది. దాంతో వీఎల్ఏ-4 అనే ఇంటెగ్రిన్ (అతుక్కునే ప్రొటీన్) విచ్చుకుని గోడ మీది వీసీఏఎం-1కి గట్టిగా అతుక్కుంటుంది. ఆ తర్వాత కణం గోడ సందులోంచి లోపలికి.

ఆ చక్కెరను మోసే ప్రొటీన్లలో ఒకటి సీడీ44. మామూలు సీడీ44 ఒంట్లో చాలా కణాల మీద ఉంటుంది కానీ, ఈ చక్కెర తొడుక్కున్న రూపం వేరు. అమెరికాలో రాబర్ట్ శాక్‌స్టీన్ బృందం దానికి హెచ్‌సెల్ అని పేరు పెట్టింది. రక్త మూలకణాల మీద, ఏఎంఎల్ కణాల మీద కనిపించేది ఇదే. ప్రొటీన్ ఒకటే, పైన వేసిన చక్కెరను బట్టి అది ఎక్కడికి పోగలదో మారుతుంది.

ఫ్యూకోజ్ అసలు లేకపోతే ఏమవుతుందో ఒక అరుదైన పుట్టుకలోపం చూపిస్తుంది. ఎల్ఏడీ-2లో ఫ్యూకోజ్‌ను కణం లోపలి కార్ఖానాకు చేర్చే వాహకం పనిచేయదు. రక్తంలో న్యూట్రోఫిల్స్, అంటే సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాలు, కుప్పలుగా ఉంటాయి, కానీ గోడ పట్టుకోలేక పుండు దగ్గరికి చేరలేవు. వాళ్ల రక్తం గ్రూపు కూడా, హెచ్ పునాది గొలుసే లేని బాంబే గ్రూపే అవుతుంది. అయితే 1952లో భెండే బృందం బొంబాయిలో మొదట గుర్తించిన మామూలు బాంబే గ్రూపు వాళ్లకి ఈ ఇబ్బంది లేదు. వాళ్లలో లేనిది హెచ్ గొలుసుకి ఫ్యూకోజ్ అతికించే ఎంజైమ్ ఒక్కటే. తెల్లకణాలకి అతికించేది వేరే ఎంజైమ్.

ఇక్కడో మాట. పలకరించడానికి వచ్చిన ప్రతి అత్తయ్యా “తీపి మానెయ్ నాయనా, క్యాన్సర్ చక్కెర తింటుందట” అనే అన్నారు. కణం మీది ఈ చక్కెరలకీ డబ్బాలో పంచదారకీ సంబంధం లేదు. కణం ఉన్న గ్లూకోజ్‌తోనే వాటిని తయారు చేసుకుంటుంది, తిండి మానేస్తే కండ కరిగించి మరీ ఒళ్లు ఆ గ్లూకోజ్ ఇస్తుంది. కీమోలో అన్నం తగ్గించినవాడు బరువు తగ్గుతాడు, అంతే. స్టెరాయిడ్లు వాడే రోజుల్లో షుగర్ చూసుకోవాలి, అది వేరే లెక్క.

మొదటి కీమో ఏడు ప్లస్ మూడు. సైటరాబిన్ ఏడు రోజులు ఆపకుండా, డౌనోరుబిసిన్ మూడు రోజులు. న్యూట్రోఫిల్స్ 500 కిందికి పడ్డాక 101 జ్వరం వస్తే గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కాలి. ఇంట్లో పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడకూడదు. తర్వాత ఎక్కువ డోసు సైటరాబిన్. ప్రతి డోసు ముందు నర్సు కాగితం మీద సంతకం చేయిస్తుంది. గీత వణికినా, మాట తడబడినా చిన్నమెదడు దెబ్బతింటోందని అర్థం, డోసు ఆపేస్తారు. కళ్లలో స్టెరాయిడ్ చుక్కలు మరిచిపోతే కండ్లకలక వచ్చే ప్రమాదం ఎక్కువ.

మజ్జలో బ్లాస్టులు, అంటే ఎదగని కణాలు, 5 శాతం లోపుకి వచ్చాయి. దాన్నే రెమిషన్ అంటారు. కానీ కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించే ఫ్లో సైటోమెట్రీలో జబ్బు కణాలు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. ఈ-సెలెక్టిన్‌ని పట్టుకున్న కణానికి గూడు దొరకడమే కాదు, బతికి ఉండమనే సంకేతాలూ అందుతాయి, కీమో దాని మీద సరిగా పనిచేయదు. ఆ పట్టు విడిపించడానికే ఉప్రొలెసెలాన్ అనే మందు చేశారు. తొలి దశల్లో ఆశ పెట్టింది. 2024 మేలో 388 మంది మీద చేసిన మూడో దశ ఫలితం వచ్చింది: కీమోతో కలిపి ఇచ్చినవాళ్ల మధ్యస్థ ఆయుష్షు 13 నెలలు, కీమో ఒక్కటే అయితే 12.3. పెద్ద తేడా లేదన్నట్టే. ఒక చెయ్యి విడిపిస్తే రెండో చేత్తో పట్టుకుంటుందేమోనని నా అనుమానం. వీఎల్ఏ-4, సీఎక్స్‌సీఆర్4 అలాగే ఉన్నాయి కదా.

నాకు మిగిలింది మూలకణాల మార్పిడి. దాత తమ్ముడు, గ్రూపు ఓ. వాడికి రోజుకి కిలోకి 10 మైక్రోగ్రాముల చొప్పున, మూలకణాలను మజ్జలోంచి రక్తంలోకి రప్పించే జీ-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్, ఐదు రోజులు. నడుం ఎముకలు పీకేశాయి. కణాలు తీసే మెషీన్ మీద నాలుగైదు గంటలు. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల పెదాలు చిమచిమలాడితే కాల్షియం బిళ్లలు చప్పరించాలి. నా సంచీలో కిలోకి 50 లక్షల సీడీ34 కణాలు, అంటే మూలకణాలు.

ఎక్కించే రోజు రెండు జాగ్రత్తలు. మామూలు రక్తానికి పెట్టే తెల్లకణాల ఫిల్టర్ ఈ సంచీకి పెట్టకూడదు, మూలకణాలు అందులోనే చిక్కుకుంటాయి. మిగతా రక్తం, ప్లేట్‌లెట్లు అన్నీ రేడియేషన్ చేసినవే కావాలి. ఈ ఒక్క సంచీకి మాత్రం రేడియేషన్ తగలకూడదు.

ఆపరేషన్ లేదు, ఎముక తెరవడం లేదు. సెంట్రల్ లైన్లోంచి నరంలోకి పోస్తారు, కణాలు తమంత తామే మజ్జ వెతుక్కుంటాయి. నా జబ్బు కణాలు వాడిన కడ్డీయే ఇప్పుడు తమ్ముడి కణాలూ పట్టుకోవాలి. బొడ్డుతాడు రక్తకణాల మీద ఈ చక్కెర తక్కువ, అందుకే అవి నెమ్మదిగా కుదురుకుంటాయి. హ్యూస్టన్‌లో ఆ కణాలకి ఎక్కించేముందు అరగంట ఎంజైమ్‌తో ఫ్యూకోజ్ అతికించి 22 మందికి ఇచ్చారు. 2015లో అచ్చయిన ఫలితం: న్యూట్రోఫిల్స్ 26 రోజులకి బదులు 17 రోజుల్లో లేచాయి.

నాకు డే ప్లస్ 9న, అంటే ఎక్కించిన తొమ్మిదో రోజున, మూత్రం కోలా రంగులో వచ్చింది. ఓ గ్రూపు దాత లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) నా ఏ గ్రూపు ఎర్రకణాల మీద యాంటీ-ఏ తయారుచేస్తాయి. ఇది ఐదో రోజు నుంచి పదిహేనో రోజు మధ్య వస్తుంది. రాత్రే చెప్పాలి, పొద్దున రౌండ్స్ దాకా ఆగకూడదు. ఎల్‌డీహెచ్, బిలిరుబిన్, డైరెక్ట్ కూంబ్స్ అనే, ఎర్రకణాలు పగులుతున్నాయేమో చూసే పరీక్షలు చేసి ఓ గ్రూపు ఎర్రకణాలు ఎక్కించారు. డే ప్లస్ 16కి న్యూట్రోఫిల్స్ వరుసగా మూడు రోజులు 500 పైన నిలిచాయి.

ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు. నెలలు గడిచేకొద్దీ ఏ తగ్గుతూ, ఓ పెరుగుతూ, చివరికి పూర్తిగా ఓ. అయినా నా రక్తనాళాల గోడ నాదే, దాని మీద ఏ చక్కెర ఇంకా ఉంది. తమ్ముడి కణాలు రోజూ దాని మీదే దొర్లుతున్నాయి. అందుకే పర్సులోని కార్డు మీద రెండు వరుసలు రాయించుకున్నాను: ఎర్రకణాలు ఓ; ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఏ. ప్లాస్మా తప్ప మిగతావి రేడియేషన్ చేసినవే.