చింగ్‌హావ్ వెంట చాంగ్‌షా నుంచి లువోఫూ కొండ దాకా

చైనాలోని గ్వాంగ్‌జౌలో ఎగ్జిబిషన్ పని ముగిశాక మావాళ్లంతా ఎలక్ట్రానిక్స్ మార్కెట్ల మీద పడ్డారు. నేను చాంగ్‌షా రైలెక్కాను. మాది హైదరాబాద్‌లో బల్క్ డ్రగ్స్ వ్యాపారం. మలేరియా ముదిరి మెదడుకెక్కినప్పుడు ఇచ్చే ఆర్టిసునేట్ ఇంజెక్షన్ పేరు మా లైన్లో తెలియనివాళ్లుండరు. దానికి మూలమైన మొక్కని చైనావాళ్లు ఇన్నేళ్లుగా దేనికి వాడారో, మలేరియా సంగతి ఎప్పుడు తెలుసుకున్నారో చూడాలని ఎప్పటినుంచో ఉంది. ఆ మొక్క పేరు చింగ్‌హావ్. వినాయక చవితి పత్రిపూజలో మొట్టమొదట వేసే మాచిపత్రీ ఇదీ ఒకే కుటుంబం.

చాంగ్‌షాలో మా తోడల్లుడి కొడుకు ఎంబీబీఎస్ చదువుతున్నాడు. చైనీస్ బాగా వచ్చు కాబట్టి నాకు దుబాసీ వాడే. హునాన్ మ్యూజియంకి టికెట్ లేదుగానీ ముందే స్లాట్ బుక్ చేసుకోవాలి, పాస్‌పోర్టు చూపించాలి. లోపల జనమంతా 1972లో మవాంగ్‌దుయ్ సమాధిలో దొరికిన ప్రభువు భార్య శవం చుట్టూ మూగి ఉన్నారు. రెండు వేల ఏళ్లు దాటినా శరీరం చెడలేదు మరి. నాకు కావలసింది పక్కనున్న మూడో సమాధి సరుకు. క్రీ.పూ. 168లో మూసిన ఆ సమాధిలో పట్టుగుడ్డ మీద రాసిన పుస్తకాలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి యాభై రెండు రోగాలకు చికిత్సలు చెప్పే వైద్య గ్రంథం. చింగ్‌హావ్ ప్రస్తావన దొరికిన అతి పాత రాత అదే. అక్కడ దాన్ని చెప్పింది మొలలకి.

"మొలల మందు కోసమా బాబాయ్ ఇంతదూరం వచ్చావ్?" అన్నాడు మావాడు.

ఆ తర్వాతి శతాబ్దాల్లో తయారైన మూలికల గ్రంథంలో దాని ఉపయోగాలు గజ్జి, దురద, పుండ్లు, పేలు చంపడం, కీళ్లలో నిలిచిపోయిన వేడి. చలిజ్వరం ఊసే లేదు.

చలిజ్వరం మాట మొదట చెప్పినాయన కోసం గ్వాంగ్‌జౌకి తిరిగొచ్చి, తూర్పున హ్వేజౌ వైపు బస్సులో లువోఫూ కొండకి వెళ్లాం. గె హోంగ్ అనే తావో సాధువు నాలుగో శతాబ్దంలో ఇక్కడ ఉన్నాడు. ఆయన అసలు ధ్యాస చావులేని మందు మీద. ఇంగిలీకం, పాదరసం కాచి కాచి చూశాడు. చోంగ్‌షూ గుడి దగ్గర ఆయన మూలికలు కడిగాడని చెప్పే కొలను ఉంది, రసవాదం పొయ్యి ఉంది. దారి పొడవునా మూలికల నూనె సీసాలు అమ్మేవాళ్లు. కొండ పచ్చగా, తేమగా ఉంది. దోమలూ తక్కువేం లేవు.

గె హోంగ్ ఊళ్లల్లో వైద్యుడు దొరకని పేదవాళ్ల కోసం ఒక చిన్న చికిత్సల పుస్తకం రాశాడు. అందులో ఒక వాక్యం: గుప్పెడు చింగ్‌హావ్‌ని రెండు షెంగ్‌ల నీళ్లలో నానబెట్టి, పిండి, రసమంతా తాగాలి. అప్పటి కొలతలో రెండు షెంగ్‌లంటే సుమారు నాలుగు వందల మిల్లీలీటర్లు. వణికించి, వదిలి, మళ్లీ వచ్చే జ్వరాలకి ఇది మందు.

వాట్సాప్‌లో "పూర్వీకులకు అన్నీ తెలుసు" అని వచ్చే మెసేజీలకి ఈ వాక్యం బంగారంలా పనికొస్తుంది. కానీ అదే అధ్యాయంలో ఆ వాక్యం చుట్టూ ఏమున్నాయో ఎవరూ పంపరు. సెనగబద్దలా చీల్చిన బీన్ గింజ ఒక బద్ద మీద సూర్యుడనీ, ఇంకోదాని మీద చంద్రుడనీ రాసి మింగడం ఒక చికిత్స. పెద్ద కోడిపుంజుని ఒళ్లో పట్టుకుని గట్టిగా కూయించడం ఇంకొకటి. పదుల కొద్దీ ఉన్న ఆ చికిత్సల్లో ఏది నిజంగా పనిచేస్తుందో పుస్తకం చెప్పదు, చదివేవాడికి తెలిసే మార్గమూ లేదు.

మొక్క ఏదో కూడా తర్వాత గందరగోళమైంది. పదకొండో శతాబ్దంలో షెన్ క్వో అనే పండితుడు, చింగ్‌హావ్ రెండు రకాలుంటుందని గమనించాడు. శరత్కాలంలో ఒకటి పసుపు తిరుగుతుంది, ఇంకోటి నీలిపచ్చగానే ఉంటుంది. ఆ పచ్చగా ఉన్నదే మేలైందని ఆయన అభిప్రాయం. 1596లో అచ్చయిన, లీ షిజెన్ అనే వైద్యుడు రాసిన మూలికల మహాగ్రంథం చింగ్‌హావ్‌నీ, పసుపుపూల రకాన్నీ వేరు మొక్కలుగా చూపించింది. చలిజ్వరానికి చింగ్‌హావ్ రాసింది. ఇప్పటి వృక్షశాస్త్రం ప్రకారం మలేరియాని చంపే పదార్థం ఉన్నది ఆర్టెమిసియా యాన్యువాలో, అంటే ఆ పసుపుపూల రకంలో. మేలైందనుకున్న దానిలో అది లేదు. పైగా వైద్యులు దీన్ని కషాయం కాచడానికి అలవాటుపడ్డారు. ఈమధ్య ప్రయోగశాలల్లో పోల్చి చూస్తే, పచ్చి మొక్కని నానబెట్టి పిండిన రసంలోకి మందు దిగినంతగా, టీలా కాస్తే దిగలేదు.

తిరుగు బస్సులో మావాడికి మిగతా కథ చెప్పాను. వియత్నాం యుద్ధంలో సైనికుల్ని తుపాకులకన్నా మలేరియా ఎక్కువ ఇబ్బంది పెట్టింది, అప్పటిదాకా వాడుతున్న మలేరియా మందు క్లోరోక్విన్ పనిచేయడం మానేసింది. ఉత్తర వియత్నాం సాయం అడిగితే చైనా 1967 మే 23న ఒక రహస్య ప్రాజెక్టు మొదలుపెట్టింది. తేదీ చూసి 523 అని పేరు. 1969లో బీజింగ్‌లో తూ యోయో అనే పరిశోధకురాలికి ఒక బృందం అప్పగించారు. వాళ్లు రెండు వేలకు పైగా పాత చికిత్సలు సేకరించి, సుమారు రెండు వందల మూలికల నుంచి 380 రకాలుగా సారం తీసి ఎలుకల మీద చూశారు. చింగ్‌హావ్ ఒకసారి 68 శాతం పనిచేసింది, మళ్లీ చేస్తే 12 నుంచి 40కి పడిపోయింది. అప్పుడు ఆమె గె హోంగ్ వాక్యం మళ్లీ చదివింది. కాచమని లేదు కదా, వేడికి పాడవుతోందేమో అనుకుని 35 డిగ్రీలకే మరిగే ఈథర్ అనే ద్రావకంతో సారం తీసింది. 1971 అక్టోబర్ 4న 191వ నమూనా ఎలుకల్లో క్రిముల్ని నూటికి నూరుపాళ్లు తుడిచేసింది. మరుసటి ఏడాది మనుషులకి ఇచ్చేముందు తనూ, ఇద్దరు సహచరులూ ముందుగా తాగారు. 1972లోనే అసలు మందుని స్ఫటికాలుగా వేరుచేశారు.

"చాంగ్‌షాలో శవం దొరికిన ఏడే!" అన్నాడు వాడు. దానికీ దీనికీ సంబంధం లేదనుకో, నాకూ అలాగే తట్టింది.

ఈ ఘనతంతా ఒక్కరిదే అంటే నాకు ఒప్పదు. 1973లో షాన్‌డోంగ్, యునాన్ బృందాలు కూడా పసుపుపూల మొక్క నుంచి స్ఫటికాలు తీశాయి. బీజింగ్ చుట్టుపక్కల మొక్కల్లో మందు తక్కువ. నైరుతి చైనాలోని యోయాంగ్ ప్రాంతం సరుకులో చాలా ఎక్కువ. అదే దొరక్కపోతే ప్రయోగాలకి సరిపడా మందు తయారయ్యేది కాదు. గ్వాంగ్‌జౌకే చెందిన లీ గ్వోచియావ్ బృందం దాన్ని ముదిరిన మలేరియా రోగులకి ఇచ్చి చూసింది. 2015 నోబెల్ మాత్రం వీళ్లలో తూ యోయో ఒక్కరికే వచ్చింది.

చివరి రోజు చింగ్‌పింగ్ మార్కెట్‌కి వెళ్లాం. ఎండిన మూలికల గోనె సంచులు, ఎండు బల్లులు, పుట్టగొడుగులు. ఒక కొట్లో చింగ్‌హావ్ ముక్కలు దొరికాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన ఉందా అంటే ఉందనాలి. ఇప్పటి చైనా ఔషధ ప్రమాణ గ్రంథంలో చింగ్‌హావ్ అంటే యాన్యువా ఒక్కటే. దేనికిస్తారని అడిగించాను. కొట్టు పెద్దావిడ, వేసవి తాపానికి, రాత్రిపూట ఒళ్లు వెచ్చబడే జ్వరానికి అంది. మలేరియాకో?

ఆవిడ మావాడి మొహం వంక వింతగా చూసింది. 2021లోనే డబ్ల్యూహెచ్‌ఓ చైనాని మలేరియా లేని దేశంగా ప్రకటించింది. "మలేరియా ఆఫ్రికా వెళ్లొచ్చినవాళ్లకి వస్తుంది. వస్తే ఆసుపత్రికి పొమ్మను, అక్కడ మందుంది, నా దగ్గర లేదు" అని, వంద గ్రాములు కట్టమంటావా వద్దా అని తూకం రాళ్లు తీసింది.