తీర్చేసిన అప్పుకు వచ్చిన ఫోన్లు: నా అనుభవం

2025 ఆగస్టులో ఒక రోజు ఉదయం పదకొండు గంటల వేళ, నేను ఆఫీసు పనిలో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అవతలి మనిషి నన్ను ఇంటిపేరుతో సహా పిలిచి, నేను 2017లో ఒక బ్యాంకులో తీసుకున్న పర్సనల్ లోన్ తాలూకు 46,850 రూపాయలు బకాయి ఉన్నాయనీ, ఆ ఖాతా తమ లీగల్ రికవరీ విభాగానికి వచ్చిందనీ, సాయంత్రం నాలుగింటిలోపు కట్టకపోతే కేసు నమోదై అరెస్ట్ వారెంట్ వస్తుందనీ తడుముకోకుండా చెప్పాడు. ఆ లోన్ నేను తీసుకున్న మాట నిజం. బ్యాంకు పేరు నిజం, సంవత్సరం నిజం, అప్పట్లో నేను ఉన్న ఇంటి చిరునామా అక్షరం పొల్లుపోకుండా నిజం. అబద్ధం బకాయి ఒక్కటే. కానీ మూడు నిజాల వెనకే వచ్చిన నాలుగో మాటను అబద్ధమనుకోవడానికి మనసు అంత తేలిగ్గా ఒప్పుకోదు.

నేను ఆ అప్పు పూర్తిగా తీర్చేశానని చెప్పాను. దానికి అతను, "మేడమ్, మీరు అసలు కట్టారు, మారటోరియం వడ్డీ కట్టలేదు. ఆ వడ్డీ మీద వడ్డీ ఇన్నేళ్లుగా పెరుగుతోంది" అన్నాడు. ఆ మాట నాకు సూటిగా తగిలింది. కరోనా సమయంలో, 2020 మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు రిజర్వ్ బ్యాంకు అనుమతించిన మారటోరియంలో నేను మూడు నెలలు వాయిదాలు ఆపిన మాట వాస్తవం. ఆ మూడు నెలల వడ్డీ అసలులో కలిసిందా, విడిగా మిగిలిపోయిందా అన్నది ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు. ఆ రోజుల్లో లోన్ ఉన్నవాళ్లలో చాలామంది మారటోరియం వాడుకున్నారు కాబట్టి, ఆ మాట ఎవరితో అన్నా ఎక్కడో ఒకచోట తగులుతుందన్న సంగతి నాకు తరువాత ఎప్పుడో తట్టింది.

ఆ ఫోన్‌లో నేను పన్నెండు నిమిషాలు వాదించాను. అది నిజమో అబద్ధమో ఆ ఫోన్‌లోనే, ఆ మనిషి దగ్గరే తేల్చుకోవాలనుకోవడం నేను చేసిన మొదటి పొరపాటు. అతని దగ్గర రుజువు ఏమీ రాబట్టలేకపోగా, ఆ పన్నెండు నిమిషాల్లో నేను ఇప్పుడు ఆ పాత ఇంట్లో ఉండటం లేదనీ, అక్కడ అమ్మ ఒక్కతే ఉంటోందనీ నా నోటితోనే అతనికి చెప్పాను. మొత్తం ఒకేసారి కట్టలేకపోతే అయిదు వేలు "టోకెన్"గా పంపమనీ, మిగతాది వాయిదాల్లో కట్టవచ్చనీ చెప్పి అతను ఒక యూపీఐ ఐడీ పంపాడు. దాన్ని తెరిచి చూస్తే ఎవరో ఒక వ్యక్తి పేరు కనిపించింది. నేను లోన్ కట్టినన్నాళ్లూ వాయిదా నా లోన్ ఖాతాకే నేరుగా వెళ్లింది తప్ప, ఏ ఉద్యోగి సొంత ఖాతాకూ ఎన్నడూ వెళ్లలేదు. సాయంత్రం మాట్లాడతానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

చేతులు వణుకుతుండగానే, అతను చెప్పిన పేరు, నంబరు, సమయం, అడిగిన మొత్తం, యూపీఐ ఐడీ అన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం తరువాత ప్రతి ఫిర్యాదులోనూ ఉపయోగపడింది. బ్యాంకు నంబరు కోసం గూగుల్‌లో వెతకలేదు. అక్కడ కస్టమర్ కేర్ పేరుతో మోసగాళ్లు తమ నంబర్లు పెడుతుంటారని విని ఉన్నాను. పాస్‌బుక్ మీద అచ్చయి ఉన్న నంబరుకే చేశాను. లోన్ 2021 మార్చిలో మూసివేశారనీ, నిల్వ సున్నా అనీ, ఏ ఏజెన్సీకీ అప్పగించలేదనీ అక్కడివారు చెప్పారు. అదే మాట రాతపూర్వకంగా కావాలని అడిగి, బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉన్న నోడల్ అధికారి (ఫిర్యాదులు చూసే అధికారి) చిరునామాకు ఈమెయిల్ పంపాను. అప్పు తీరిందని తెలుపుతూ బ్యాంకు అప్పట్లో ఇచ్చిన ఎన్‌ఓసీ ఎక్కడుందో తెలియక ఆ రాత్రి బీరువా అంతా వెతకాల్సి వచ్చింది. అది పాత కరెంటు బిల్లుల మధ్య దొరికింది.

బ్యాంకు మాటతో ఆగకుండా మన అప్పులు, వాటి చెల్లింపుల వివరాలుండే క్రెడిట్ రిపోర్ట్ కూడా తీశాను. మన దేశంలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు సంస్థలు ఈ రికార్డులు ఉంచుతాయి. ఒక్కో సంస్థ నుంచి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టును ఉచితంగా పొందే హక్కు మనకు ఉంది. నేను రెండు సంస్థల రిపోర్టులు తీసి, స్కోరు సంగతి పక్కన పెట్టి, ఆ లోన్ వరుస ఒక్కదాన్నే చదివాను: మూసివేసిన తేదీ ఉంది, ప్రస్తుత నిల్వ సున్నా, "రైట్ ఆఫ్" (వసూలు కాదని బ్యాంకు లెక్కల్లోంచి తీసేయడం) అనో "సెటిల్డ్" (కొంత తగ్గించి కట్టించుకుని ముగించడం) అనో ఎక్కడా లేదు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. బ్యాంకులు మొండి బకాయిలను అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీలకు నిజంగానే అమ్ముతాయి, అప్పుడు మనం ఎన్నడూ వినని కంపెనీ పేరుతో ఫోన్ రావచ్చు. పేరు కొత్తగా ఉన్నంత మాత్రాన మోసమని తీర్మానించకూడదు. బాకీ ఎప్పుడు, ఎవరి చేతికి వెళ్లిందో అసలు బ్యాంకును అడిగితే తెలుస్తుంది. రిపోర్టులో తప్పు ఉంటే దాన్ని సరిచేయమని కోరవచ్చు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

మధ్యాహ్నం మూడున్నరకు వాట్సాప్‌లో ఒక "నోటీసు" వచ్చింది. పైన మూడు సింహాల గుర్తు, దాని పక్కన తరాజు బొమ్మ, కింద ఎర్రని రబ్బరు స్టాంపు. తొలిచూపులో గుండె జల్లుమంది. తరువాత దాన్ని కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూశాను. కోర్టు పేరు చోట "సివిల్ కోర్టు" అని మాత్రమే ఉంది, ఏ ఊరి కోర్టో లేదు. కేసు నంబరు లేదు. పై వాక్యంలో సివిల్ దావా అనీ, దాని కిందనే అరెస్ట్ వారెంట్ అనీ రాశారు. స్టాంపు అంచున ఉన్న అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి, నా పేరు మాత్రం వేరే సైజు అక్షరాల్లో, గీత మీద కాస్త ఎత్తుగా అతికించినట్టు ఉంది. కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతికితే నా మీద ఏ కేసూ కనబడలేదు. కోర్టులో నమోదైన కేసుకు సీఎన్‌ఆర్ అనే 16 అక్షరాల, అంకెల గుర్తింపు ఉంటుంది, అది చెబితే ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. పోలీసులు విచారణకు హాజరు కమ్మని ఇచ్చే నోటీసులను వాట్సాప్‌లో పంపరాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇక లోన్ వాయిదా కట్టలేకపోవడం దానంతట అది నేరం కాదు, బ్యాంకు దావా వేసి వసూలు చేసుకోవాల్సిన సివిల్ వ్యవహారం. చెక్కు బౌన్స్ కావడం, కావాలని మోసం చేయడం వేరే విషయాలు, వాటికైనా ఫోన్ చేసినవాడు వారెంట్ రాయలేడు.

అప్పటికి నాకు విషయం పూర్తిగా తెలిసిపోయింది. నాలుగు గంటలు దాటాయి, ఏమీ జరగలేదు. అంతటితో అయిపోయిందనుకున్నాను. అమ్మకు చెబితే కంగారు పడుతుందని చెప్పలేదు. ఇది నా రెండో పొరపాటు, దీన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రాత్రి ఏడు గంటల నలభై నిమిషాలకు వాళ్లు అమ్మకు ఫోన్ చేశారు. 2017 దరఖాస్తులో రిఫరెన్సుగా ఇచ్చిన నంబరు అమ్మదే. "మీ అమ్మాయి మీద వారెంట్ వచ్చింది, తెల్లారేసరికి తీసుకెళ్తారు, ఆమెకు ఫోన్ చేస్తే ఆ కాల్ కూడా రికార్డ్ అయి కేసు ముదురుతుంది, అయిదు వేలు కడితే రేపటిదాకా ఆపుతాం" అన్నారట. కూతురితో మాట్లాడే దారి మూసేసి, ఆ తరువాత డబ్బు అడిగారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఒంటరిగా, చీకటి పడ్డాక ఆ మాటలు విని ఇంకేం చేస్తుంది? పెన్షన్ ఖాతాలోంచి అయిదు వేలు పంపేసి, ఆ తరువాత ఉండబట్టలేక నాకు ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు ఎక్కడున్నావే?" అని అడిగింది. ఆ గొంతు నేను మరచిపోలేను.

అప్పటికి డబ్బు వెళ్లి పాతిక నిమిషాలయింది. వెంటనే అమ్మ చేత 1930కి ఫోన్ చేయించి, నేను కాన్ఫరెన్స్‌లో ఉన్నాను. ఇది సైబర్ ఆర్థిక మోసాల జాతీయ సహాయ నంబరు. ఫిర్యాదు అందగానే డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళ్లి, ఇంకా ఖాతాలో ఉన్నంత మేర దాన్ని నిలిపివేసే ఏర్పాటు ఉంది. అందుకే ఇక్కడ నిమిషాలే లెక్క. వాళ్లు అడిగినవి అమ్మ బ్యాంకు పేరు, పంపిన మొత్తం, సమయం, అవతలి యూపీఐ ఐడీ, లావాదేవీకి వచ్చే 12 అంకెల రిఫరెన్స్ నంబరు. ఆ నంబరు పేమెంట్ యాప్ చరిత్రలో ఎక్కడుంటుందో అమ్మకు చూపడానికే పది నిమిషాలు పట్టింది. తరువాత జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తి చేసి, అమ్మ బ్యాంకుకు కూడా తెలియజేశాము. ఫోన్లు చేసిన రెండు నంబర్లనూ టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లోని చక్షు విభాగంలో నమోదు చేశాను. డబ్బు పోనప్పుడు అనుమానాస్పద కాల్స్‌ను తెలపడానికి చక్షు, డబ్బు పోతే 1930.

మరునాడు ఉదయం మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి నేను వాదించలేదు. ముందురోజు రాత్రి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు చదివి రాసుకున్న కాగితం నా ముందు ఉంది. 2022 ఆగస్టు 12 నాటి సర్క్యులర్ ప్రకారం బకాయి వసూలుకు ఉదయం 8 గంటల ముందు గానీ రాత్రి 7 గంటల తరువాత గానీ ఫోన్ చేయకూడదు. బెదిరించకూడదు, తప్పుడు మాటలు చెప్పకూడదు, రుణగ్రహీత కుటుంబ సభ్యుల, రిఫరెన్సుగా ఇచ్చినవారి, స్నేహితుల ఆంతరంగిక జీవితంలోకి చొరబడకూడదు. 2008 నుంచే ఏజెంటు దగ్గర బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం, గుర్తింపు కార్డు ఉండాలన్న నియమం ఉంది. నేను అడిగింది ఇంతే: మీ ఏజెన్సీ పేరు, బ్యాంకు మీకిచ్చిన అధికార పత్రం, బకాయి లెక్క, ఈ మూడూ పోస్టులో పంపండి, చూసి జవాబిస్తాను. అతను గొంతు పెంచాడు. నేను అదే వాక్యం మళ్లీ చెప్పాను. మూడోసారి చెప్పేసరికి బూతు మాట ఒకటి అని ఫోన్ పెట్టేశాడు. కాల్ రికార్డ్ చేసి ఉంచాను కనుక దాన్ని కూడా ఫిర్యాదుకు జతచేశాను.

ఇదంతా నేను చెప్పినప్పుడు మా ఆఫీసులో ఒకామె నన్ను పక్కకు పిలిచి, తనకు నిజంగానే లోన్ బకాయి ఉందనీ, ఏజెంట్లు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి ఇంటి పక్కవాళ్లకు చెబుతామని బెదిరిస్తున్నారనీ, బాకీ ఉన్నదాన్ని కాబట్టి నోరెత్తలేకపోతున్నాననీ చెప్పింది. పై నిబంధనలన్నీ అసలు ఆమెలాంటివారి కోసమే పుట్టాయి. బాకీ ఉండటం వల్ల కట్టే బాధ్యత ఉంటుందే తప్ప, అవమానపడే బాధ్యత ఉండదు. ఆమె కాల్స్ వచ్చిన సమయాలు రాసుకుని బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసింది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఆమెకు ఆ అవసరం రాలేదు. పన్నెండో రోజున బ్యాంకు వారు ఏజెన్సీని మార్చి, వాయిదాల మొత్తం తగ్గించి కొత్త గడువు ఇచ్చారు. ఆమె ఇప్పుడు కడుతోంది.

నా ఈమెయిల్‌కు బ్యాంకు నుంచి ఆరో రోజున జవాబు వచ్చింది: ఖాతా మూసివేయబడింది, బకాయి లేదు, ఏ సంస్థకూ బదిలీ చేయలేదు. దాన్ని అచ్చు తీయించి, ఎన్‌ఓసీతో కలిపి ఒక ఫైలులో పెట్టి అమ్మకు ఇచ్చాను. ఇకమీదట నన్ను అడ్డుపెట్టుకుని ఎవరు ఏం చెప్పినా ముందు నాకే ఫోన్ చేయాలనీ, నాతో మాట్లాడవద్దని ఎవరైనా అన్నారంటే వాళ్లు దొంగలేననీ ఇద్దరం ఒక మాట అనుకున్నాము. అమ్మ పంపిన అయిదు వేలలో 3,200 రూపాయలు ఒక ఖాతాలో నిలిచిపోయినట్టు సైబర్ పోలీసులు తెలిపారు. ఆ సొమ్ము తిరిగి రావడానికి కోర్టు ఉత్తర్వు కావాలన్నారు, దానికి దరఖాస్తు పెట్టాము. మిగతా 1,800 అప్పటికే ఎవరో ఏటీఎంలో తీసేసుకున్నారు.